ఏరా, దొడ్డికెళ్ళావా?

మా మామ్మ పొద్దున్నే ఎవరినీ కాఫీ తాగావా అని అడిగేది కాదు. పళ్ళు తోముకుని వస్తున్న మనవణ్ణి వంటింటి గుమ్మం దగ్గర ఆపి, ముందు మొహం చూసేది, తర్వాత పొట్ట చూసేది, అప్పుడు అడిగేది. "ఏరా, దొడ్డికెళ్ళావా?"

వెళ్ళానంటే కాఫీ. లేదంటే గ్లాసుడు వేడినీళ్ళు చేతికిచ్చి మళ్ళీ పెరట్లోకి తోలేది. చుట్టాలొచ్చినా ఇదే వరస. మా చిన్నత్త పెళ్ళి 1979లో అయింది. అల్లుడుగారిది హైదరాబాదు. పెళ్ళయిన మూడోరోజు ఆయన అరుగుమీద కూచుని పేపరు చదువుకుంటుంటే మామ్మ కాఫీ పట్టుకెళ్ళి, "నీళ్ళు మారాయి గదా బాబూ, విరేచనం సాఫీగా అవుతోందా?" అని అడిగేసింది. కొత్తల్లుడు గనక 'దొడ్డి' తీసేసి 'విరేచనం' అంది. అదీ ఆవిడ చేసిన మర్యాద. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని "ఆ... అవుతోందండి" అన్నాడు. మా అత్త గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

మాది అంబాజీపేటకి దగ్గరలో ఓ పల్లెటూరు. కొబ్బరితోటలు, తోటల మధ్యలో పంటకాలవ, కాలవ దాటితే వరిచేలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మా తాతముత్తాతలకి అన్నానికి లోటు లేదు. కాటన్ దొర అంటే మా వైపు దేవుడితో సమానం. నాకూ గౌరవమే. కానీ చిన్నప్పుడు మాకో కష్టం ఉండేది. దొర ఊరంతా నీళ్ళు పారించాడు గానీ, చెంబు పట్టుకెళ్ళి కూచోడానికి పొడినేల మిగల్చలేదు.

శ్రావణం, భాద్రపదం వచ్చాయంటే చేలనిండా నీళ్ళు, గట్లనిండా బురద. కాలవగట్టు మీద కూచుందామంటే పాముల భయం. తోటలో కూచుందామంటే పైనుంచి కొబ్బరిమట్ట ఎప్పుడు ఊడిపడుతుందోనని భయం. అందుకని పిల్లలం ఆపుకునేవాళ్ళం. ఒకరోజు ఆపితే రెండోరోజు రాదు. మూడోరోజు వస్తే ప్రాణం పోతుంది. పేగుల్లో ఎంతసేపు నిలవుంటే అంత నీరు ఇంకిపోయి గట్టిపడుతుందని డాక్టర్లు ఇప్పుడు చెబుతారు. మామ్మ "లోపల ఎండిపోయిందిరా" అనేది. రెండూ ఒకటే మాట.

మామ్మ లెక్కలో పొట్టకి వచ్చేవి మూడే: మందం, ఉబ్బరం, బిగువు. తిన్నది కదలకుండా కూచుని, పుల్లటి తేన్పులొస్తూ, అన్నం చూస్తే వికారం పుడితే మందం. పొట్టమీద వేళ్ళతో కొడితే తబలాలాగా మోగితే ఉబ్బరం. రెండ్రోజులై దొడ్డికి రాకపోతే బిగువు. నాలుక చాపమనేది, పాచి ఎంత మందాన ఉందో చూసేది, పొట్టమీద వాయించేది. అయిపోయింది పరీక్ష. ఫీజు లేదు గానీ, "నిన్న ఏం గడ్డి తిన్నావ్?" అనే ప్రశ్నకి నిజం చెప్పాలి.

మందానికి మొదటి మందు ఏమీ పెట్టకపోవడమే. లంఖణం పరమౌషధం అనేది. ఒకపూట కడుపు మాడ్చి, రెండోపూట మిరియాల చారుతో మెత్తటి అన్నం, ఆ మర్నాడు మజ్జిగన్నం. మజ్జిగంటే ఊరికే మజ్జిగ కాదు. వెన్న తీసేసి, నీళ్ళు బాగా పోసి, శొంఠిపొడి, వేయించిన జీలకర్ర, చిటికెడు ఇంగువ, చేత్తో నలిపిన కరివేపాకు. ఇప్పటికీ నాకు పెళ్ళి భోజనం తర్వాత అదే గుర్తొస్తుంది.

ఉబ్బరానికి వాము. అరచేతిలో పావు చెంచాడు వాము పోసి, రెండు రాళ్ళ ఉప్పు కలిపి, బొటనవేలితో నలిపి నోట్లో పోసేది. "నమలరా, మింగకు." నాలుక మండిపోయేది, కళ్ళలో నీళ్ళు తిరిగేవి, ముక్కు కారేది. పైన వేడినీళ్ళు తాగితే ఆ మంట గొంతులోంచి దిగి ఛాతీ దాకా వెళ్ళేది. కాసేపటికి ఇల్లంతా వినబడేలా ఒక తేన్పు. మామ్మ ఎక్కడున్నా "హమ్మయ్య" అనేది. వాములో ఆ ఘాటు థైమాల్ వల్ల అని, నోరు పుక్కిలించే మందుల్లో కూడా అదే ఉంటుందని కాలేజీలో చదువుకున్నప్పుడు నాకు ముందు మామ్మ బొటనవేలే గుర్తొచ్చింది. ఆ గోరు ఎప్పుడూ వాము వాసనే.

బిగువుకి మాత్రం పెద్ద తతంగం. మొదట వేడినీళ్ళు. తర్వాత కంద బచ్చలి కూర, బచ్చలి ఎక్కువ, కంద తక్కువ. తర్వాత రాత్రి పడుకునే ముందు బాగా మగ్గిన చక్రకేళి అరటిపళ్ళు రెండు. మగ్గాలి, తొక్కమీద మచ్చలు రావాలి. దోరపండు తింటే ఇంకా బిగుస్తుందని అరిచేది. అప్పటికీ లొంగకపోతే అప్పుడు తీసేది ఆముదం సీసా.

దానికి వచ్చేముందు సంక్రాంతి గురించి చెప్పాలి. ఏడాది మొత్తం మీద మామ్మ దగ్గర వాము ఎక్కువ ఖర్చయ్యేది ఆ నాలుగు రోజులే. భోగినాడు మొదలుపెట్టి అరిసెలు, సున్నుండలు, పోకుండలు, జంతికలు. డబ్బాల మూతలు పడేవి కాదు. కనుమనాడు మినుము తినాలి అని శాస్త్రం కాబట్టి గారెలు. గారెల్లోకి కోడికూర అని మా వాళ్ళ సొంత శాస్త్రం. కనుమనాడు కాకి కూడా కదలదంటారు. తిన్న గారెలకి అది కదలలేదనే నా అనుమానం.

కానీ మా వైపు మనుషులు మాత్రం కదిలేవారు. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ళనుంచి రుద్రప్రభలు, అంటే వెదురుతో కట్టి అలంకరించిన శివుడి ప్రభలు, భుజాలమీద బయల్దేరతాయి. చేలకి అడ్డంపడి, కాలవలో దిగి, నడుముల్లోతు నీళ్ళలో మోసుకెళతారు. వెనకాల జనం. గారెలు తిన్న రెండు గంటలకి మేం చేలగట్ల మీద పరుగు. సాయంత్రం తీర్థంలో జీళ్ళు, ఖర్జూరాలు కొనుక్కుని మళ్ళీ నడిచి ఇంటికి. ఆ నడకే లేకపోతే కోనసీమలో కనుమ తర్వాత ఎంతమంది మిగిలేవారో! ఇప్పుడు కార్లలో వెళ్ళి, కార్లలో వచ్చి, రాత్రికి గ్యాస్ పట్టేసిందని ఈనో పేకెట్టు చింపుతున్నాం.

తాతగారికి మామ్మ వైద్యం పడేది కాదు. ఆయనకి కడుపు ఉబ్బితే సోడాయే మందు. గోళీ 'కీచ్' మని లోపలికి దిగితే సగం జబ్బు పోయినట్టే ఆయనకి. ఎప్పుడైనా రామచంద్రపురం వైపు పనిమీద వెళితే ఆర్టోస్ తాగొచ్చేవారు, అది మా జిల్లా డ్రింకు. "గాలి తాగి గాలి వదలడం కూడా ఓ వైద్యమేనా?" అని మామ్మ వంటింట్లోంచి అనేది. "నీ వాము తిని నోరు కాల్చుకోవడం కంటే నయమే" అని ఆయన అరుగుమీంచి. యాభై ఏళ్ళ కాపురంలో ఈ కేసు తేలలేదు.

పసిపిల్లలకి వేరే పద్ధతి. పాలు పట్టాక బిడ్డని ఒళ్ళో పడుకోబెట్టుకుని పొట్టమీద గుండ్రంగా రాస్తూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనేది. వాతాపి అనే రాక్షసుడు మేక మాంసమై అగస్త్యుడి కడుపులోకి వెళ్ళి, అన్న పిలవగానే పొట్ట చీల్చుకుని బయటికి వద్దామనుకున్నాడు. ఆయన ఈ ముక్క అనగానే అరిగిపోయాడు. తాతల నాటి రాక్షసుణ్ణి రోజుకి నాలుగుసార్లు అరిగించేది మామ్మ. బిడ్డకి రెండ్రోజులు దొడ్డికి కాకపోతే తమలపాకు కాడ ఆముదంలో ముంచి కింద పెట్టేవారు. దాని గురించి ఇంతకంటే వివరంగా రాయను. ఆ వైద్యం జరిగిన బిడ్డల్లో ఒకడు ఇప్పుడు ఇంజనీరు, ఫేస్‌బుక్‌లో నాకు ఫ్రెండు కూడా.

ఇక ఆముదం.

కొన్న ఆముదం మామ్మ నమ్మేది కాదు. వంటాముదమే కావాలి. చేలగట్ల మీద పెరిగిన ఆముదపు చెట్ల నుంచి గెలలు కోసి, ఎండలో పోస్తే కాయలు టప్ టప్ మని పగిలేవి. పిల్లి మచ్చల్లాంటి మచ్చలతో గింజలు నున్నగా మెరిసేవి, చూస్తే ఆడుకోవాలనిపించేది. "నోట్లో పెట్టుకుంటే చస్తార్రా" అని కర్ర పుచ్చుకుని కాపలా కూచునేది. ఉత్తి బెదిరింపు కాదది. గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది, నూనెలోకి మాత్రం దిగదు. గింజల్ని మూకుట్లో వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దని పెద్ద ఇత్తడి గిన్నెలో నీళ్ళుపోసి పొయ్యిమీద పెట్టేది. గంటలకొద్దీ ఉడికేది. నురగ కింద నుంచి నూనె పైకి తేలేది. గరిటె అంచు వాల్చి, నీరు రాకుండా నూనె మాత్రమే తీసేది. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేది కాదు. తీసిన నూనెని మళ్ళీ చిన్న గిన్నెలో కాస్తే లోపలున్న తడి చిటపటలాడేది. ఆ చప్పుడు ఆగిపోతే ఆముదం అయినట్టు. చెవితో వినే వంట అది. మిగిలిన పిప్పి గేదెలు తినకుండా దూరంగా కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యితీసి పూడ్చేవారు.

మృగశిర కార్తె వచ్చి, మామిడిపళ్ళు అయిపోయి, బడులు తెరవబోతున్నాయంటే ఒక ఆదివారం మూకుమ్మడి ఆముదం. నేను, మా అన్నయ్య, పెదనాన్న పిల్లలు ముగ్గురు, పెద్దత్త కొడుకు బుజ్జిగాడు. ఆరుగురం. తెల్లవారుజామున లేపి, అరుగుమీద వరసగా కూచోబెట్టేది. వెండి ఉగ్గుగిన్నె, దానికి చిన్న కొమ్ము. మేం పాలు తాగిన గిన్నే అది, ఇప్పుడు శత్రువు. మామ్మ ఒక చేత్తో ముక్కు మూసేది, రెండో చేత్తో గిన్నె కొమ్ము పళ్ళమధ్య దూర్చి పైకెత్తేది. అందరూ అనుకుంటారు గానీ ఆముదం చేదుగా ఉండదు. అసలు రుచే ఉండదు. ఉండేదల్లా జిడ్డు, ఆ వాసన. పెదాలకి అంటుకుని, గొంతులో సగం దాకా వెళ్ళి, దిగనా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఆగిపోతుంది. వెంటనే వేడికాఫీ పోస్తే దిగుతుంది. ఆముదం తాగిన మొహం అంటారే, ఆరు మొహాలు ఒకేసారి చూడాలనుకుంటే ఆ ఆదివారం మా అరుగు దగ్గరికి రావాల్సిందే.

ఆ తర్వాత పడుకోకూడదు. పెరట్లో తిరగాలి, మధ్యమధ్యలో వేడినీళ్ళు చప్పరించాలి. ఆముదం చిన్నపేగులోకి వెళ్ళాక విడిపోయి రిసినోలిక్ ఆమ్లం అవుతుంది. అది పేగుని పట్టి మెలితిప్పుతుంది. రెండు గంటల నుంచి ఆరు గంటల్లోపు ఎప్పుడైనా పిలుపు రావచ్చు. ఆరుగురికీ ఇంచుమించు ఒకేసారి వచ్చేది. కొబ్బరితోటలోకి పరుగే పరుగు.

లెక్క రాయడానికి మామ్మకి చదువు రాదు. గేదెల చావిడి గోడమీద బొగ్గుతో ఆరు బొమ్మలు గీసేది. నాకు చెవులు పెద్దవని ఏనుగు చెవి, అన్నయ్యకి కళ్ళజోడు, బుజ్జిగాడికి గిలక. ఒక్కొక్కళ్ళం వెళ్ళొచ్చి చెబితే మా బొమ్మ కింద ఒక గీత. నాలుగు గీతలు దాటితే, "ఇంక చాలు, కడుపు కడిగినట్టయింది" అని పలచటి మజ్జిగ ఇచ్చేది. మధ్యాహ్నం చారన్నం, అంతే. నెయ్యి లేదు, ఊరగాయ లేదు.

ఒక ఏడు బుజ్జిగాడు ఆముదం బుగ్గలో దాచుకుని, అరటిబోదెల వెనక్కి వెళ్ళి ఉమ్మేశాడు. ఉమ్మేసి ఊరుకున్నాడా, ఇరవై నిమిషాలకోసారి తోటలోకి పరిగెత్తడం, వచ్చి "మామ్మా, గీత" అనడం. మధ్యాహ్నానికి వాడి బొమ్మ కింద ఏడు గీతలు. మేమంతా వాడిపోయి అరుగుమీద పడుంటే వాడు గిల్లీదండా కర్ర చెక్కుకుంటున్నాడు. మామ్మ గోడ చూసింది, వాణ్ణి చూసింది. "ఏడుసార్లెళ్ళినవాడు ఇలా గెంతుతాడేంట్రా?" అని పొట్టమీద ఓసారి వాయించింది. మర్నాడు పొద్దున్న అరుగుమీద వాడొక్కడే, ఉగ్గుగిన్నెకి ఇంకో పావువంతు ఎక్కువ. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరు కోతలు కోసినా 'అబద్ధం గీత' అనేవాళ్ళం.

ఊళ్ళో ఆయుర్వేదం చేసే ఆచారిగారు ఉండేవారు. ఆయనా మామ్మా వైద్యంలో అన్నాచెల్లెళ్ళు. ఆయన ఇచ్చే హింగ్వాష్టక చూర్ణం సీసా ఎప్పుడూ భోజనాల దగ్గర ఉండేది: శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, సైంధవ లవణం, జీలకర్ర, నల్లజీలకర్ర, ఇంగువ, మొత్తం ఎనిమిది. నెయ్యివేసి మొదటి ముద్దలో కలుపుకోవాలి. ఆ మొదటి ముద్ద కోసమే భోజనానికి కూచునేవాణ్ణి నేను. ఒకసారి పనసతొనలు లెక్కలేకుండా తిని మేం పొర్లుతుంటే ఆయన వచ్చి ఓ పాత సూత్రం చెప్పారు. పనస అరగడానికి అరటిపండు, అరటిపండు అరగడానికి నెయ్యి, నెయ్యి అరగడానికి నిమ్మరసం అని. బుజ్జిగాడు నొప్పిలోనే తల ఎత్తి, "మరి నిమ్మరసం ఎక్కువైతేనండీ?" అన్నాడు. "నీకు ఎక్కువైంది నిమ్మరసం కాదురా" అన్నారు ఆచారిగారు.

ఆయన విలువ మాకు తెలిసింది మాత్రం 1981 వినాయకచవితికి. అతిగా తిని పొట్ట పగిలిన దేవుడి పండగ. బుజ్జిగాడు కుడుములు, ఉండ్రాళ్ళు దంచాడు. రాత్రికి బొడ్డు చుట్టూ నొప్పి, వాంతి. మందం అనుకుంది మామ్మ. అందరం అదే అనుకున్నాం. వాము పెట్టింది, కాపడం పెట్టింది. పొద్దుటికి నొప్పి జరిగి కుడివైపు కిందకి వచ్చింది, ఒళ్ళు వెచ్చబడింది. దొడ్డికి రాలేదు. బిగువు అనుకుని ఆముదం గిన్నెలో పోసి నిప్పులమీద వెచ్చబెడుతోంది. ఆచారిగారు వచ్చారు. కుడివైపు కింద మెల్లిగా నొక్కి, చెయ్యి చప్పున తీశారు. నొక్కినప్పుడు మూలిగినవాడు, తీసినప్పుడు కేకపెట్టాడు. "ఆముదం లోపల పెట్టేయమ్మా. ఇది ఇరవైనాలుగ్గంటల నొప్పి" అన్నారు.

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కించి, అవతల కోటిపల్లిలో దింపి, కారులో కాకినాడ తీసుకెళ్ళారు. గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. పంటు ఏటికి ఎదురెక్కి, మెల్లగా వాలుతూ వెళుతుంటే పెదనాన్న పంటువాణ్ణి తిడుతూనే ఉన్నాడు, వాడు "ఆయ్, పోనిత్తన్నానండి" అంటూనే ఉన్నాడు. ఆపరేషన్ అయింది. అపెండిక్స్ వాచినప్పుడు విరేచనాల మందు పట్టిస్తే లోపలే పగిలిపోయే ప్రమాదం ఉందని సర్జనుగారు చెప్పారట. ఆ మాట ఇంటికొచ్చి మామ్మకి ఎవరు చెప్పారో తెలీదు, చెప్పకుండా ఉండాల్సింది. బుజ్జిగాడు తిరిగొచ్చేదాకా ఆవిడ ఒంటిపూట భోజనం చేసింది. ఆ తర్వాత మా ఇంట్లో మూకుమ్మడి ఆముదం లేదు. ఎవరైనా కడుపునొప్పి అంటే వాము డబ్బా తీసేముందు కుడివైపు కింద నొక్కి చూసేది, చెయ్యి చప్పున తీసేది. మరుసటి సంక్రాంతికి చావిడికి సున్నం కొట్టించారు, బొమ్మలు పోయాయి.

ఇంతమంది పొట్టల లెక్క చూసిన మనిషికి గోడమీద బొమ్మ లేదు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మగాళ్ళకి కాలవగట్టు ఎప్పుడైనా ఉంది. ఆడవాళ్ళకి తెల్లారకముందు ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి. మధ్యలో వస్తే ఆపుకోవడమే. అందుకని పొద్దుగూకాక నీళ్ళు తాగడం మానేసేవారు. వేడినీళ్ళు వేడినీళ్ళని మా ప్రాణం తీసిన మామ్మ, తను మాత్రం మధ్యాహ్నం భోజనం తర్వాత గ్లాసుడు నీళ్ళు తాగగా నేను చూడలేదు. మా ఇంట్లో మొదటి మరుగుదొడ్డి హైదరాబాదు అల్లుడుగారి కోసం కట్టారు. పెళ్ళికి నెలరోజుల ముందు తాతగారు దగ్గరుండి కట్టించారు. కట్టాక కూడా చాలా రోజులు మామ్మ చీకటితోనే లేచి తోటలోకే వెళ్ళేది. "అల్లుడికి కట్టింది గదా" అనేది.

వంటింటి అటకమీద చింతపండు కుండ వెనకాల ఓ చిన్న జాడీ ఉండేది. అందులో కరక్కాయ పొడి. పడుకునేముందు ఎవరూ చూడకుండా నోట్లో వేసుకునేది. ఓసారి నేను చూసి ఏంటని అడిగితే, "తల్లి లేనివాళ్ళకి కరక్కాయే తల్లిరా" అంది. మామ్మకి తల్లి లేదు కాబట్టి తింటోంది కాబోలనుకున్నాను. ఆవిడకీ బిగువేనని, అదీ మా అందరి కంటే ఎక్కువని, అప్పుడు తట్టలేదు.

తట్టింది 1986 ఆగస్టు వరదలప్పుడు. మామ్మ గోదావరి పాయల మధ్య లంకలో ఉన్న పెద్దత్త ఊరు వెళ్ళింది. గోదావరి అంత ఎత్తుకి రావడం మా తరం చూడలేదు. ఊరు ఊరంతా ఏటిగట్టు ఎక్కింది. నాలుగో రోజుకి నేను, అన్నయ్య పులిహోర పొట్లాలు పట్టుకుని చేరుకున్నాం. గట్టు పొడుగునా టార్పాలిన్లు, కింద మనుషులు, పశువులు, కోళ్ళు. ఒకవైపు గోదావరి, రెండోవైపు ములిగిన ఊరు. దాక్కోడానికి చెట్టుచాటు కూడా లేదు. మామ్మ పొట్లం పుచ్చుకుని పక్కన పెట్టింది. "మందంగా ఉందిరా, నువ్వు తిను" అంది. నాలుక చూపించమన్నాను సరదాకి. నవ్వలేదు. తర్వాత పెద్దత్త నన్ను పక్కకి పిలిచి, "తింటే వెళ్ళాలి కదరా. ఇక్కడ ఎక్కడికి వెళ్తాం? నాలుగు రోజులైంది, మేమెవ్వరం సరిగా తినట్లేదు" అంది. నాకు పద్దెనిమిదేళ్ళు. ఏమనాలో తెలీక పొట్లాలు పంచుతూ ముందుకెళ్ళిపోయాను.

ఆ తర్వాత పదిహేడేళ్ళకి, 2003లో, మామ్మ మా కాకినాడ ఇంట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. మంచం మీదే అన్నీ. నొప్పికి ట్రమడాల్ ఇచ్చారు. ఆ బిళ్ళలు నొప్పితోపాటు పేగుల్ని కూడా నిద్రపుచ్చుతాయి. రెండ్రోజులైంది, మూడ్రోజులైంది, మామ్మ అన్నం వద్దంటోంది, "మందంగా ఉంది" అంటోంది. ఆ మాట నేను ఇంతకుముందు ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్న మంచం పక్కన కుర్చీ వేసుకుని కూచున్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చింది. గ్లాసు మామ్మ చేతికివ్వకుండా అడిగాను.

"మామ్మా, దొడ్డికెళ్ళావా?"

గోడవైపు తిరిగిపోయింది. "సిగ్గులేదూ, మగపిల్లాడివి" అంది. నేను కదల్లేదు. కాసేపటికి గోడతోనే, "నాలుగు రోజులైంది" అంది.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే లాక్టులోజ్ సిరప్ రాశారు. అదో రకం చక్కెర, ఒంటికి పట్టదు, పేగులోకి నీళ్ళు లాక్కుని మెత్తబరుస్తుందిట. ఒకటి రెండు రోజులు పడుతుందన్నారు. నీళ్ళు బాగా తాగించమన్నారు. మామ్మ చెంచాడు తాగి మొహం చిట్లించింది. "తియ్యగా ఉందేంట్రా, ఇది మందేనా?" ఆముదం వద్దా అంది. వద్దన్నారని చెప్పాను. కరక్కాయ అంది. అదీ ఇప్పుడు వద్దు, ముందు నీళ్ళు తాగు అన్నాను. "నీళ్ళు తాగితే మాటిమాటికీ మిమ్మల్ని లేపాలి" అంది. లేపు అన్నాను. వెండి ఉగ్గుగిన్నె మా అమ్మ బీరువాలోంచి తీసిచ్చింది, దాంతో గంటగంటకీ గోరువెచ్చటి నీళ్ళు. కొమ్ము పళ్ళమధ్య పెడితే, "ముక్కు కూడా మూస్తావేంట్రా?" అంది.

మంచం ఎదురుగా గోడకి కేలండరు ఉంది. ఒళ్ళు ఊరుకోక, ఆ నెల కాగితం మూల బాల్‌పెన్నుతో ఒక బొమ్మ గీశాను. నుదుట పెద్ద బొట్టు, అంతే, నాకు బొమ్మలు రావు. మామ్మ కళ్ళజోడు తెప్పించుకుని చూసింది. ఏం మాట్లాడలేదు.

రెండోరోజు తెల్లవారుజామున మా ఆవిడ నన్ను లేపింది, మామ్మ పిలుస్తోందని. వెళ్ళేసరికి గదిలో దీపం వేసి ఉంది, దుప్పటి మార్చి ఉంది. మామ్మ మొహం తేటగా ఉంది. కేలండరు వైపు చెయ్యి చూపించింది. పెన్ను వెతుక్కుని బొమ్మ కింద ఒక గీత పెట్టాను.

"రాత్రి నువ్వు పడుకున్నాక ఇంకోసారి అయింది. రెండు పెట్టు," అంది మామ్మ. "అబద్ధం గీత కాదు. కావాలంటే నీ పెళ్ళాన్ని అడుగు."